ఏరుకొన్న ఇనుము

వస్తువు చెడిపోయినప్పుడు దానిని పారవేయుట సులభము. పారవేసిన పిమ్మట అది ఏమగునో ఆలోచించుట కష్టము. ‘పనికిరానిది’ అను మాట పలుకని నోరు లోకములో ఉండదు. అయితే ఆ మాట వస్తువును గూర్చి చెప్పుచున్నదా, పలికినవానిని గూర్చి చెప్పుచున్నదా అని విచారించువారు కొలదిమందియే. కొట్టములో మూలబడియున్న ఆయిల్ ఇంజను చట్రము రైతునకు పనికిరానిది. ఆ దారిని పోవు వడ్రంగి కంటికి అది ఒక బల్లకు కాలు. ఇనుము మారలేదు, చూచు కన్ను మారినది. పనికివచ్చుట అనునది వస్తువునందే నిలిచియుండు గుణము కాదనియు, వస్తువునకును పనికిని నడుమ ఏర్పడు సంబంధమనియు దీనివలన తేలుచున్నది. ఈ చిన్న సత్యమునుండి పెద్ద ధర్మసందేహమొకటి పుట్టును. ఏరుకొన్న వస్తువులతో పనిముట్టు చేసికొనుట పొదుపా, లోభమా? ఈ రెండింటి నడుమ గీత ఎక్కడ?

కోనసీమలో అల్లవరము మండలమునకు చెందిన ఓడలరేవు ఇట్టి విచారమునకు తగిన చోటు. గోదావరి శాఖలలో ఒకటియగు వైనతేయ అచ్చట సముద్రమున కలియుచున్నది. ఊరి పేరులోనే ఓడ కలదు, రేవు కలదు. సముద్రగర్భమునుండి వచ్చు సహజవాయువును అందుకొను ఓ.ఎన్.జి.సి. తీర టెర్మినలు నేడు ఆ ఊర ఒక ప్రక్కను ఉండగా, చేపల పడవలును కొబ్బరితోటలును మరియొక ప్రక్కను ఉన్నవి. ఉప్పుగాలి వీచు చోట ఇనుము త్వరగా త్రుప్పు పట్టును. పడవ చెక్క త్వరగా పాతబడును. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమపై విరుచుకుపడిన తుపాను వేయిమందికి పైగా ప్రాణములు గొన్నది. లెక్కకు మించిన కొబ్బరిచెట్లను నేలగూల్చినది. కూలిన చెట్టును, విరిగిన పడవను, ఆగిన ఇంజనును చూచుచు బ్రతుకు సీమలో ‘దీనితో ఇంకేమి చేయవచ్చును?’ అను ప్రశ్న కాలక్షేపము కాదు, బ్రతుకుతెరువు.

ఇట్టి తీరమున ఒక వడ్రంగి ఉన్నాడనుకొందము. అతడు తలుపులు, కిటికీలు, మంచములు చేయును. అవసరమైనప్పుడు పడవ పలకలు మార్చును. ఉలి, బాడిస, చిత్రిక అతనికి చిన్ననాటినుండి అలవాటైన పనిముట్లు. కాని ముదురు కొబ్బరి కలప అతనిని విసిగించును. కొబ్బరి మ్రాను వెలుపలి భాగమున మిక్కిలి గట్టిగను, నడుమ మెత్తగను ఉండును. అందులోని సిలికా చేత ఉలి అంచు త్వరగా మొండివడును. వరుసగా పది కిటికీ రెక్కలకు ఒకే తీరున గాడి తీయవలెనన్నచో గాడి తీయుటకంటె ఉలి నూరుటకే ఎక్కువ ప్రొద్దు పోవును. అందుచేత అతడు రౌటరు బల్ల కావలెనని కోరుకొనును. కొత్తది కొనుటకు చేతిలో సొమ్ము లేదు. పాత ఇనుము కొట్టు మాత్రము దగ్గరలోనే ఉన్నది.

రౌటరు అనగా విద్యుత్తుతో నడచు చేతియంత్రము. దాని మోటారు కొనయందు కొలెట్ అను పట్టు ఉండును. ఆ పట్టులో బిగించిన బిట్టు నిమిషమునకు పదివేలు మొదలు పాతికవేల చుట్ల వరకు తిరుగుచు చెక్కలో గాడి తీయును, అంచును మలచును. చేతితో పట్టి పని చేయునప్పుడు చెక్క నిలిచియుండును, యంత్రము కదలును. ఆ యంత్రమునే తలక్రిందుగా బల్లక్రింద బిగించి, బిట్టు కొన మాత్రము బల్లపైకి వచ్చునట్లు అమర్చినచో అది రౌటరు బల్ల యగును. అప్పుడు యంత్రము స్థావరము, చెక్క జంగమము. ఒక ఆనుడుపట్టె వెంబడి చెక్కను నడపినచో నూరు ముక్కలకైనను ఒకే కొలతలో గాడి పడును. టంగ్‌స్టన్ కార్బైడు అంచు గల బిట్టు కొబ్బరి కలపకు ఉక్కు బిట్టుకంటె చాలకాలము నిలుచును.

ఈ యంత్రపు పుట్టుకయే ఏరుకొన్న భాగముతో ముడిపడి యున్నది. మొదటి ప్రపంచయుద్ధకాలమున అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమునందలి సిరక్యూజు నగరమున ఆర్. ఎల్. కార్టరు అను పనివాడు పోత పనికి కొయ్య అచ్చులు చేయుచుండెను. అతడు క్షురకులు వాడు విద్యుత్ కత్తెరయంత్రములోని పండ్లచక్రమొకదానిని చెక్క కోయు కత్తిగా మలచి, మోటారు ఇరుసునకు తగిలించెనని ఆ పరికరముయొక్క చరిత్ర చెప్పుచున్నది. ఆ ప్రయత్నమే వ్యాపారముగా పెరుగగా 1929లో స్టాన్లీ సంస్థ దానిని కొన్నది. జుట్టు కత్తిరించుటకు పుట్టిన చక్రము చెక్కను మలచినది. కావున పాత భాగములను ఏరి క్రొత్త పనిముట్టు చేసికొనువాడు చిన్నతనపడనక్కరలేదు.

బల్లకు కావలసిన పెద్ద భాగములన్నియు పాత సామానులోనే దొరకును. కాలితో త్రొక్కు కుట్టుమిషను స్టాండు పోత ఇనుముతో చేసినది. పోత ఇనుములో గ్రాఫైటు సన్నని రేకులుగా చెదరియుండుట చేత అది అదురును తనలో అణచుకొనును. బట్టలు కుట్టిన కాలమున అదురును ఓర్చిన ఆ కాళ్ళే చెక్క కోయు కాలమునను ఓర్చును. పాత రంపపు యంత్రము పలక దొరికినచో అదియే బల్లపై భాగమగును. తిన్నని ఉక్కుబద్దను ఒక మూలనుండి ఎదుటి మూలకు, మరల రెండవ జత మూలలకు నిలిపి, దాని క్రిందుగా వెలుతురు వచ్చుచున్నదేమో చూచినచో పలక చదునో వంపో తెలిసిపోవును. తిన్నగా నున్న అల్యూమినియము కోణపుకడ్డీ ఆనుడుపట్టె యగును. మూతబడిన రైసుమిల్లు బోల్టులు త్రుప్పు గీకి నూనె పెట్టిన పిమ్మట క్రొత్తవానికి తీసిపోవు. ఇంతవరకు అంతయు శుభమే. ధర్మవిచారము ఇచ్చటనుండియే మొదలగుచున్నది. ఏరుకొన్న ప్రతి ముక్కను మూడు ప్రశ్నలు అడుగవలసియున్నది.

మొదటి ప్రశ్న: ఇది ఎవరిది? పడియున్నదంతయు పారవేసినది కాదు. రేవు ఒడ్డున బోర్లించిన పడవ చెడిపోయినట్లు కనబడవచ్చును. దాని యజమాని వచ్చు కారునకు సొమ్ము కూడబెట్టుకొనుచు ఉండవచ్చును. గట్టున నిలిచిపోయిన ఇంజనుకు వారసులు ఉండవచ్చును. సముద్రము ఒడ్డునకు చేర్చిన ఓడ శకలము సైతము దొరికినవానిది కాదు. అట్టిది దొరికినప్పుడు ప్రభుత్వము నియమించిన అధికారికి తెలుపవలెనని 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టమే శాసించినది. ఓడల పేరు పెట్టుకొన్న రేవునకు ఈ నియమము మరింత వర్తించును. అడిగి తీసికొన్నది ఏరుకొన్నది. అడుగక తీసికొన్నది ఎత్తుకొన్నది. వెల ఎంత తక్కువయైనను కాటాపై తూచి, సొమ్ము చెల్లించి తెచ్చిన ఇనుము బల్లక్రింద నిశ్చింతగా నిలుచును.

రెండవ ప్రశ్న: ఇది దేనికి తగినది? దీనికి సమాధానము చెప్పుటలోనే పనివాని వివేకము బయటపడును. ఇంటిలో నీళ్ళు తోడు పాత మోటారు ఉన్నది గదా, రౌటరు కొననేల అని వడ్రంగికి తోచవచ్చును. 50 సైకిళ్ళ విద్యుత్తుతో నేరుగా నడచు ఇండక్షను మోటారు నిమిషమునకు 3,000 చుట్లను అందుకొనజాలదు. సన్నని బిట్టునకు ఆ వేగము చాలదు. చెక్క తెగుటకు బదులు చిరుగును. పోనిమ్మని రైసుమిల్లు పుల్లీలు తగిలించి వేగము పెంచినచో వేరొక చిక్కు వచ్చును. వేగము రెండింతలైనప్పుడు కేంద్రమునుండి వెలుపలికి చిమ్ము బలము నాలుగింతలగును. కంటికి కనబడని పగులు గల పాత పుల్లీ మెల్లగా తిరిగినంతకాలము నమ్మిన బంటు. వేగము మించినచో ముక్కలై ఎవరి రొమ్మునకు తగులునో చెప్పజాలము. 50 మిల్లీమీటర్ల అడ్డుకొలత గల బిట్టును నిమిషమునకు 22,000 చుట్లు త్రిప్పినచో దాని అంచు గంటకు 200 కిలోమీటర్లకు మించిన వేగముతో పరుగెత్తును. అందుచేతనే పెద్ద బిట్టును తక్కువ వేగమున నడపవలెనని తయారీదారులు హెచ్చరింతురు. ఇంతటి వేగమును మోయు మోటారు, బేరింగు, కొలెట్, బిట్టు అను నాలుగింటిలో పాతదనమునకు చోటు లేదు. నిలిచియుండు భాగము పాతదైనను దోషము లేదు. తిరుగు భాగము నమ్మదగినదై యుండవలెను.

పాత పడవ పలకను బల్లపై కోయునప్పుడును ఈ ప్రశ్నయే ఎదురగును. అందులో లోతుగా దిగిన మేకులుండును. ఇనుప మేకును అయస్కాంతము పట్టియిచ్చును. రాగి మేకును పట్టియీయదు. అది బిట్టునకు తగిలినప్పుడు కార్బైడు ముక్క ఎగిరి కంటికి తగులవచ్చును. పాత రంగులలో సీసము ఉండవచ్చును. దాని పొడి ఊపిరితో లోపలికి పోవును. కలప పొడియు తక్కువది కాదు. 1995లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కలప పొడిని మానవులకు క్యాన్సరు కలిగించు పదార్థముల జాబితాలో చేర్చినది. కాబట్టి ముక్కునకు తగిన మాస్కు, కంటికి అద్దములు అలంకారములు కావు.

అన్నిటికంటె గొప్ప పాఠము స్విచ్చు చెప్పును. పల్లెలో విద్యుత్తు చెప్పకుండ పోవును, చెప్పకుండ వచ్చును. కరెంటు పోయినది గదా అని వడ్రంగి బిట్టు మార్చుటకు కొలెట్‌పై చేయి వేసెననుకొందము. ఆ క్షణముననే కరెంటు వచ్చినచో? అందుచేత రౌటరు బల్లకు, విద్యుత్తు పోయినప్పుడు తానై విడిపోయి, తిరిగి మీట నొక్కిననే గాని కలియని స్విచ్చు అవసరము. వ్యవసాయపు మోటార్ల స్టార్టరులో ఇట్టి ఏర్పాటు కలదు. వోల్టేజి లేనప్పుడు అందులోని కాయిల్ పట్టు విడుచును. ఒకే ఫేజునకు తగిన కాయిల్ గల పాత స్టార్టరు దొరికి, తెలిసిన ఎలక్ట్రీషియను పరీక్షించి మంచిదన్నచో దానిని వాడుకొనవచ్చును. అయితే అనేకమంది రైతులు ఆ స్టార్టరుకు ఆటో స్టార్టరును జతచేసికొనిరి. నడిరేయి కరెంటు వచ్చినప్పుడు రైతు చేనికి పరుగెత్త నక్కరలేకుండ అది మోటారును తానే నడుపును. చేనిలో అది నిద్రకాచు మిత్రము. రౌటరు బల్లకు తగిలించినచో అదే భాగము, అదే మంచి స్థితిలో ఉండి, వ్రేళ్ళు తీయు శత్రువగును. అందులో ఏ లోపమును లేదు. చేరిన చోటు మాత్రమే తప్పు. ‘పనికిరానిది’ అనుట ఎంత తొందరపాటో, ‘ఎక్కడైనను పనికివచ్చును’ అనుటయు అంతే తొందరపాటని ఈ చిన్న పెట్టె నేర్పుచున్నది.

ఇచ్చట ఒకరు అడ్డుపడి, ‘అతని బల్ల, అతని చేయి, తెగించినచో తప్పేమి?’ అని అడుగవచ్చును. తన చేయి తనదే యగును గాని బల్లవద్ద నిలుచువాడు ఎల్లప్పుడును తానే కాడు. పని నేర్చుకొనుటకు వచ్చిన కుర్రవాడు నిలుచును. తండ్రి లేనప్పుడు కొడుకు నిలుచును. రౌటరు బల్లపై చెక్కను బిట్టు తిరుగు దిశకు ఎదురుగా నడపవలెను. అదే దిశలో నడపినచో బిట్టు చెక్కను లాగికొనిపోవును, దానివెంట చేయియు పోవును. ఈ సంగతి మేస్త్రికి చేతివాటముగా తెలియును. కుర్రవానికి ఎవరైనను చెప్పిననే తెలియును. మేస్త్రి బల్ల కట్టునాడు ఏ భాగము నమ్మదగినదో, ఏది అనుమానమైనదో ఎరిగి కట్టెను. కుర్రవానికి కనబడునది రంగు పూసిన బల్ల మాత్రమే. అనుమానము గల ముక్కను రంగు క్రింద దాచి పనికి పెట్టినవాడు, తన పొదుపునకు వెల ఇతరుల వ్రేళ్ళతో చెల్లింప సిద్ధపడినవాడు. పొదుపునకును లోభమునకును నడుమ గీత ఇచ్చటనే ఉన్నది. తన సుఖమును తగ్గించుకొనుట పొదుపు. ఎదుటివాని క్షేమమును తగ్గించుట లోభము. ఈ రెంటిలోను మిగులు రూకలు సమానముగనే ఉండవచ్చును. అందుచేత రూకలను చూచి రెంటిని వేరుచేయుట సాధ్యము కాదు.

దీనికి మరియొక ఆక్షేపణ కలదు. అది తేలికగా త్రోసివేయదగినది కాదు. ‘క్రొత్త మోటారు, క్రొత్త స్విచ్చు అని నియమము పెట్టుట కలవారి నీతి. లేనివాడు దొరికినదానితోనే గదా బ్రతుకవలెను?’ అని పేదవాని పక్షమున అడుగువారుందురు. ఆ మాటలో బాధయు ఉన్నది, నిజమును ఉన్నది. అయినను లెక్క వేసి చూచినచో బల్లలో బరువైన భాగములు, విస్తారమైన భాగములు పాతవి కావచ్చునని తేలినది. స్టాండు, పలక, పట్టె, బోల్టులు ఏరుకొన్నవే. అచ్చట మిగిలిన సొమ్మును మోటారు, స్విచ్చు, బిట్టు అను చిన్న ముక్కలపై ఖర్చు పెట్టుమనుటయే ఈ నీతి. బిట్టును కప్పు రక్షణ తొడుగునకు చెక్కముక్కయు పారదర్శకమగు ప్లాస్టికు పలకయు చాలును. చెక్కను త్రోయుటకు వాడు కర్రపిడి తుక్కు కలపతోనే తయారగును. ఇనుప బల్లకు ఎర్తు తీగ కలుపుటకు పెద్ద ధనము అక్కరలేదు. కాబట్టి అనేకచోట్ల తొడుగు లేకపోవుటకు కారణము పేదరికము కాదు, తొందర. నిజముగా అంత సొమ్మును లేనివానికి ఉలియు చిత్రికయు ఉండనే ఉన్నవి. వానితో పని మెల్లగా సాగును. ఆ మెల్లదనము అవమానము కాదు. ప్రమాదమైన బల్లను కట్టుటకంటె బల్ల లేకుండుట మేలగు సందర్భము కూడ ఉన్నదని ఒప్పుకొనుటకు వెనుదీయరాదు.

మూడవ ప్రశ్న మిగిలినది: ఎంత? ఏరుట అలవాటైనవానికి ఆపుట తెలియదు. ‘ఎప్పుడైనను పనికివచ్చును’ అనుచు తెచ్చిన చక్రములు, గొట్టములు, సగము మోటార్లు పెరడంతయు నిండును. పనిముట్టు చేయుటకు ఏరినవాడు ఏరుటయే పనిగా పెట్టుకొనును. పన్నెండవ శతాబ్దిలో కల్యాణమున బసవేశ్వరునితో కూడిన శరణులలో ఈ ప్రశ్నను బ్రతికి చూపిన దంపతులు కలరు. ఆయదక్కి మారయ్య నేల రాలిన బియ్యమును ఏరి తెచ్చుటనే కాయకముగా చేసికొన్నవాడు. కన్నడమున అక్కి అనగా బియ్యము. ఏరిన బియ్యమే అతని పేరైనది. ఒకనాడు అతడు మామూలుకంటె ఎక్కువ తెచ్చెను. భార్య లక్కమ్మ సంతోషింపలేదు. ఆ దినమునకు కావలసినది ఉంచి, మిగిలినది తెచ్చిన చోటనే పోసి రమ్మని పంపెను. ఆ బియ్యము దొంగిలించినది కాదు; ఎవరును వలదనలేదు; నేలపాలు కావలసినదే. అయినను అక్కరకు మించినదానిని ఇంట నిలుపుట ఆశయని ఆమె ఎరిగినది. మారయ్య కష్టమును ఆమె తప్పుపట్టలేదు, కొలతను తప్పుపట్టినది. కాయకమునకు కైలాసమంత విలువ నిచ్చిన ఆ సంఘమున బాచికాయకపు బసవయ్య అను వడ్రంగి ఉండెను, అంబిగర చౌడయ్య అను పడవవాడును ఉండెను. ఏరువానికి చెప్పవలసిన మాటను మాత్రము లక్కమ్మ చెప్పినది.

ఈ కథ కేవలము త్యాగమును పొగడుటకు పుట్టినది కాదు. ఏరిన వస్తువుపై మనుజునికి ఒక విచిత్రమైన మమకారము కలుగును. కొన్నదానికి వెల తెలియును. ఏరినదానికి వెల లేదు గనుక హద్దును లేదు. ఉచితముగా వచ్చినదను భ్రాంతి వలన అవసరము లేనిది కూడ ఇల్లు చేరును. అట్లు చేరినదానిని వ్యర్థము చేయలేక, తగని చోట తగిలింపవలెనను ఆశ పుట్టును. పగిలిన పుల్లీ బల్లకు చేరుటకును, ఆటో స్టార్టరు రౌటరుకు తగులుటకును మూలము తరచుగా ఈ మమకారమే. ‘తెచ్చితిని గదా, పెట్టెదను’ అను మాటలో అవసరము ముందుండదు, వస్తువు ముందుండును. కొలత తప్పిన ఏరుకొనుటయే తగని వాడుకగా మారునని తెలిసినప్పుడు మూడవ ప్రశ్న రెండవదానికి కాపలా యని బోధపడును.

కావున పాత ఇనుముతో బల్ల కట్టుకొనువాడు గౌరవింపదగినవాడే. అతడు ఒక వస్తువునకు రెండవ జన్మ నిచ్చుచున్నాడు. గనినుండి త్రవ్వవలసిన ఇనుమును అంతమేర తగ్గించుచున్నాడు. తన బుద్ధితోను చేతితోను పనిముట్టును సంపాదించుచున్నాడు. అయితే అతని గొప్పతనము ఎంత పాతది వాడెనను లెక్కలో లేదు. ఎవరిదో అడిగి తెచ్చెనా, తగిన చోటనే పెట్టెనా, చాలునన్నచోట ఆగెనా అను విచారములోనే ఉన్నది.

ఆ తీరపు వడ్రంగి బల్ల పూర్తిచేసిన దినమున చేయవలసిన పనులు రెండు కలవు. కుర్రవానిని పిలిచి, ఏ భాగము పాతదో ఏది క్రొత్తదో చూపి, చెక్కను ఏ దిక్కునుండి నడపవలెనో చేయి పట్టి నేర్పి, స్విచ్చు కట్టి విప్పి చూపుట మొదటిది. పెరటిలో మిగిలిన చక్రములను గొట్టములను బండికెత్తి, తెచ్చిన కాటాకే తిరిగి చేర్చుట రెండవది. అచ్చట వానికొరకు వేరొక పనివాడు వెదకుచు ఉండవచ్చును.